త్వరిత సూచికల్లో దళిత కూలి జాడ ఎంత?

2021 ఏప్రిల్ నెలలో ఈ దేశంలో శ్మశానాలు చాలక పార్కింగ్ స్థలాల్లో శవాలు కాలాయి. అదే నెల జీఎస్టీ వసూళ్లు 1.41 లక్షల కోట్ల రూపాయలు. అప్పటికి అదే రికార్డు. మే 1న కేంద్ర ఆర్థికశాఖ ఆ అంకెను విడుదల చేస్తూ ఆర్థిక వ్యవస్థ కోలుకుంటోందనడానికి ఇది గుర్తు అని చెప్పుకుంది. అంకె అబద్ధం కాదు. ఏప్రిల్‌లో వ్యాపారులు కట్టేది ప్రధానంగా మార్చిలో జరిగిన అమ్మకాల మీద పన్ను. అంటే ఆ అంకెలో ఉన్నది చితులు లేవకముందటి మార్చి. ఈ చిన్న విషయం తెలియకపోతే ‘వేగంగా వచ్చే అంకె’ మనల్ని ఎంత దూరమైనా తీసుకుపోతుంది.

దేశ ఆర్థిక స్థితికి గీటురాయిగా చెప్పే స్థూల దేశీయోత్పత్తి, అదే జీడీపీ, మూడు నెలలకోసారి లెక్కవేస్తారు. ఆ మూడు నెలలు అయిపోయాక ఇంకో రెండు నెలలకు గానీ అంకె బయటికి రాదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్-జూన్‌లో ఉత్పత్తి 23.9 శాతం పడిపోయిందనే మొదటి అంచనా వచ్చింది ఆగస్టు 31న. అప్పటికి నడిచినవాళ్లు నడిచి ఊళ్లకు చేరుకున్నారు, చేరనివాళ్లు దారిలోనే పోయారు.

ఇంత ఆలస్యం పనికిరాదని ప్రభుత్వాలు, రిజర్వు బ్యాంకు, షేర్ మార్కెట్ వాళ్లు వేరే అంకెలు చూస్తారు. రోజూ వాడే కరెంటు, రైళ్లు మోసిన సరుకు, డీజిల్ అమ్మకం, కొత్త బండ్ల రిజిస్ట్రేషన్, ఈ-వే బిల్లులు, యూపీఐ చెల్లింపులు. వీటిని హై ఫ్రీక్వెన్సీ ఇండికేటర్లు అంటున్నారు. మనం త్వరిత సూచికలు అనుకుందాం. లాక్‌డౌన్ మొదటి నెలలో కరెంటు వాడకం దాదాపు నాలుగో వంతు తగ్గిన సంగతి రోజువారీ లెక్కల్లోనే తెలిసిపోయింది, ఆగస్టు దాకా ఆగాల్సిన పనిలేకపోయింది. ఈ పద్ధతిలో బలముంది, కాదనను.

అయితే ఈ అంకెల్ని ఎవరూ ఇంటింటికీ తిరిగి అడిగి తేలేదు. ఏదో ఒక లావాదేవీ జరిగినప్పుడు కంప్యూటర్లో పడ్డ జాడలు ఇవి. మరి జాడ పడనివాళ్ల సంగతేమిటి? 50 వేల రూపాయలకు మించిన సరుకు కదిలితేనే మామూలుగా ఈ-వే బిల్లు కావాలి. సరుకు అమ్మేవాళ్లలో ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం చేసేవాళ్లకు చాలా రాష్ట్రాల్లో జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. మా మాదిగవాడలో ఉన్న ఒకే ఒక్క కిరాణా కొట్టు పదేళ్లు నడిచినా ఆ గీత దరిదాపుల్లోకి రాదు. చెప్పులు కుట్టే మనిషి, బుట్టలల్లే మనిషి, అడ్డా మీద నిలబడే మేస్త్రీ కూలి – వీళ్ల పని ఆగిపోయినా ఆ తెరమీద గీత వంగదు. యూపీఐ విషయంలో ఇంకో తిరకాసు ఉంది. నిన్న నగదుకు అమ్మిన చాయ్ ఇవాళ స్కాన్‌కు అమ్మితే అంకె పెరుగుతుంది, చాయ్ మాత్రం పెరగదు.

జీడీపీ నిదానంగానైనా అందర్నీ లెక్కేస్తుంది కదా అని ఒక సెమినార్లో ఒక అధ్యాపకుడు నాతో వాదించాడు. పూర్తిగా కాదు. 2011-12 ఆధార సంవత్సరంగా నడిచిన శ్రేణిలో మూడు నెలల అంచనాలకు అసంఘటిత రంగం గురించి నేరుగా సమాచారం చాలా తక్కువ. రిజిస్టర్డ్ కంపెనీల కదలికను బట్టి, పన్నులను బట్టి చిన్నవాళ్లూ అలాగే కదిలారని అనుకున్నారు. పెద్దోడు లేస్తే చిన్నోడూ లేచినట్టే అనే లెక్క ఇది! 2016 నవంబరు 8 రాత్రి చెలామణిలో ఉన్న నోట్లలో విలువ ప్రకారం 86 శాతం రద్దయ్యాయి. అడ్డాలు ఖాళీ అయ్యాయి, పత్తి ఏరిన కూలి వారాలకొద్దీ ఆగింది. ఆ 2016-17 సంవత్సరానికి 2019లో సవరించి చెప్పిన వృద్ధి 8.2 శాతం. దెబ్బ తిన్నవాళ్ల బదులు దెబ్బ తినని వాళ్లను కొలిస్తే వచ్చే ఫలితం ఇలాగే ఉంటుంది.

ఉపాధి లెక్కలు కొంత మేలు. సీఎంఐఈ అనే ప్రైవేటు సంస్థ నడిపే కుటుంబ సర్వే 2020 ఏప్రిల్‌లో 12 కోట్లకు పైగా మంది పని పోగొట్టుకున్నారని నెల తిరక్కుండానే చెప్పింది. ఆ సర్వే వివరాలతోనే అశ్వినీ దేశ్‌పాండే, రాజేష్ రామచంద్రన్ కులాలవారీగా లెక్క తీసి, అగ్రకులాల కంటే ఎస్సీల ఉపాధి చాలా ఎక్కువగా పడిపోయిందని చూపించారు. అదే సర్వే నిరుపేద ఇళ్లను సరిగా పట్టుకోవడం లేదని జాన్ డ్రేజ్, అన్మోల్ సోమంచి 2021లో విమర్శించారు. ఇక ప్రభుత్వ కార్మిక సర్వే 2025 నుంచి నెలనెలా వస్తోంది. అందులో గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పనిచేసినా ఆ మనిషి పనిలో ఉన్నట్టే. వారంలో ఒక పూట కలుపు తీసి ఆరు రోజులు అరుగు మీద కూర్చున్న మనిషి నిరుద్యోగి కాదన్నమాట.

మన జాడ గట్టిగా పడిన త్వరిత సూచిక నాకు తెలిసి ఒక్కటే: ఉపాధి హామీ. మా దగ్గర కరువు పని అంటారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకంలో పని అడిగినవాళ్లు, మస్టర్లు, కూలి చెల్లింపు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. ఎవరైనా చూడగలిగే ఆ పట్టికల్లో ఎస్సీలకు వేరే గడి ఉంది. జీఎస్టీలో, కరెంటులో, బండ్ల రిజిస్ట్రేషన్లో అటువంటి గడి లేదు. పనిదినాల్లో ఎస్సీల వాటా 2009-10లో దాదాపు 30 శాతం, తర్వాత 20 దగ్గరకు జారింది. 2020-21లో మొత్తం 389 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి. పట్నం నుంచి తిరిగొచ్చిన మనిషి ఆకలి అక్కడ నెలనెలా కనిపించింది.

కానీ ఆ అంకెను చదివిందెవరు, ఎలా చదివారు? పని అడిగేవాళ్లు తగ్గారు కాబట్టి పల్లె కోలుకుందని 2022-23 ఆర్థిక సర్వే రాసింది. 2023-24 సర్వే మాత్రం పని అడగడానికీ పల్లె కష్టానికీ నేరుగా సంబంధం లేదని, రాష్ట్రాల పనితీరు వంటి వేరే కారణాలున్నాయని వాదించింది. తగ్గితే సూచిక, పెరిగితే కాదు! రెండో మాటలో కొంత నిజముంది గానీ అది ఇంకోవైపు తిప్పి చదవాల్సిన నిజం. కేంద్రం 2022 మార్చి నుంచి పశ్చిమ బెంగాల్‌కు ఉపాధి నిధులు ఆపేసింది. ఆ తర్వాత అక్కడ పనిదినాలు దాదాపు సున్నా. బెంగాల్ కూలికి పని అక్కర్లేకుండా పోయిందా? అడిగితే రసీదు ఇవ్వని చోట, పైసలు రావని తెలిసి అడగడమే మానుకున్న చోట ఆ గడిలో కనిపించేది అవసరం కాదు, ఆఫీసు తలుపు ఎంత తెరిచి ఉందో అది.

కులం గడి కూడా మనకు చుట్టమని భ్రమపడొద్దు. 2021 మార్చిలో కేంద్రం ఎస్సీ, ఎస్టీ, ఇతరులకు ఉపాధి కూలిని వేరువేరుగా చెల్లించాలని రాష్ట్రాలకు రాసింది. ఒకే గుంట తవ్విన ముగ్గురికి మూడు తేదీల్లో డబ్బులు పడటం మొదలైంది. మా పక్కింటోళ్లకు పడ్డాయి, మాకెందుకు పడలేదని పని స్థలాల్లో కులాల మధ్య తగువులొచ్చాయి. ఆ ఏడాది చివరికి ఆ పద్ధతిని వెనక్కి తీసుకున్నారు.

నన్ను ఎక్కువగా బాధించేది వేగం ఒకవైపే ఉండటం. 2023 జనవరి నుంచి కూలీల హాజరుకు ఫోన్ యాప్ తప్పనిసరి చేశారు. రోజుకు రెండు ఫోటోలు, స్థలం గుర్తుతో సహా అప్పటికప్పుడు ఎక్కాలి. సిగ్నల్ సరిగా లేని చోట హాజరు ఎక్కడమే కష్టం. మా అమ్మ ఎండలో గంపతో నిలబడ్డ సంగతి ఆ నిమిషంలోనే ఢిల్లీకి తెలుస్తుంది. కూలి మాత్రం ఎప్పుడు పడుతుందో అమ్మకు తెలియదు. నేను ఫోన్ చేసినప్పుడల్లా “ఫోటో అయితే దిగినం బిడ్డా, పైసలే దిగలే” అనేది. చట్టం ప్రకారం 15 రోజుల్లో పడాలి, లేకుంటే పరిహారం. అయితే ఆలస్యాన్ని ఎఫ్‌టీఓ తయారయ్యేదాకానే లెక్కవేసేవాళ్లు. ఆ తర్వాత కేంద్రం దగ్గర ఆగిన రోజులు లెక్కలోకి రాలేదు. ఆ రోజులకూ పరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

2020 సెప్టెంబరులో కేంద్ర కార్మికశాఖ పార్లమెంటుకు ఒక జవాబిచ్చింది. కోటి నాలుగు లక్షలకు పైగా వలస కార్మికులు సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్లారట. దారిలో ఎంతమంది చనిపోయారో లెక్క లేదట. రోజుకు ఎన్ని యూనిట్ల కరెంటు తగ్గిందో తెలిసిన ప్రభుత్వమే ఈ జవాబు ఇచ్చింది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం చేసింది. వంద రోజుల బదులు 125 రోజులు అంది. విత్తనం, కోత పనులు జోరుగా ఉండే కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా పని ఆపే వీలు కల్పించింది. రైతులకు కూలీలు దొరకాలనేది చెప్పిన కారణం. ఆ రోజుల్లో పని అడిగే గడి ఖాళీగానే ఉంటుంది. దాన్ని చూసి పల్లెలో అందరికీ పని దొరికిందని ఎవరైనా రాస్తే, ఆ వారాల్లో నాటు కూలి ఎంత ఇచ్చారు, ఎన్ని రోజులు దొరికింది, ఆడవాళ్లకెంత అని మన విద్యార్థులు ఊళ్లలో రాసిపెట్టిన నోటు పుస్తకం పక్కన ఉండాలి. మా జిల్లాలో ఈ వానాకాలం నాలుగు ఊళ్లలో ఈ పని మొదలుపెట్టాలని అనుకుంటున్నాం. ఊరికిద్దరు, వారానికొకసారి, పది ఇళ్లు.