వీలునామాలో ధర్మము

1937లో ఏర్పడిన విజయవాడ మేత్రాసనము పరిధిలోని రెడ్డిగూడెమున, మామిడితోట గల యొక కథోలిక గృహస్థుడు తన యనంతరము అందు కొంతభాగము అనాథల విద్యకో వృద్ధుల పోషణకో చెందవలెనని సంకల్పించినచో, ఆతనికి శరణ్యము 1925 నాటి భారత వారసత్వ చట్టము. సమీపబంధువులు గల క్రైస్తవుడు ధర్మార్థము వ్రాసిన వీలునామా, మరణమునకు కనీసము 12 మాసములు పూర్వము వ్రాయబడి, వ్రాసిన 6 మాసములలో చట్టోక్తస్థానమున భద్రపరుపబడిననే గాని చెల్లదని అందలి 118వ సెక్షను నిర్బంధించెడిది. కేరళీయుడైన ఫాదర్ జాన్ వల్లమట్టం ప్రభృతులు వేసిన వ్యాజ్యమున, ఆ నియమము సమానత్వమునకు విరుద్ధమని 2003లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. నేడు వలసినవి సంతకమును, ఇద్దరి సాక్ష్యమును. రిజిస్ట్రేషను ఐచ్ఛికమే యైనను వివాదనివారణకు శ్రేయస్కరము. సాక్షికే యిచ్చిన ఆస్తి చెల్లదు. దాత జీవించియున్నంతకాలము పత్రమును మార్చుకొనవచ్చును. కావున ధర్మబుద్ధి గలవారు బిడ్డలతో సంప్రదించి, ఆరోగ్యముగా నున్నపుడే వ్రాసియుంచుట మేలు.