మంచుతెరలో గుర్రపుబండి

1893వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేది, అమెరికా ప్రథమాధ్యక్షుడైన జార్జి వాషింగ్టను జన్మదినమున, న్యూయార్కు నగరము తీవ్రమైన హిమపాతమున మునిగియుండగా, ఫిఫ్త్ ఎవెన్యూ 35వ వీథిని కలిసికొను మూలయందు 29 ఏండ్ల యువకుడొకడు చిన్న చేతికెమెరాతో 3 గంటలసేపు నిలుచుండెను. తనకు కావలసిన ఘట్టము కుదురువరకు ఆతడు వేచియుండెను. తుదకు ప్రయాణికుల నెక్కించుకొని తిరుగు పెద్ద గుర్రపుబండి యొకటి, చక్రములు దొలిచిన నల్లని చాళ్లవెంట, తోలువాని కొరడా గాలిలో లేచియుండగా, ఎదురుగాలిని చీల్చుకొనుచు తనవైపునకు రాగా ఆతడు మీట నొక్కెను. ఆ యువకుడు ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. ఆ చిత్రము పేరు ‘శీతకాలము, ఫిఫ్త్ ఎవెన్యూ’. కురియుచున్న మంచులో గుర్రపుబండిని చిత్రించుటయను విద్యకు నేటికిని అదియే మూలపాఠమని నా దృఢవిశ్వాసము.

ఎండ కాయుచున్నప్పుడే కెమెరాకు పని యని ఆనాటి సామాన్యాభిప్రాయము. మంచు నిలిచి, మేఘములు విడి, వెలుగు వచ్చిన పిమ్మట కొమ్మలపై పేరిన ధవళిమను చిత్రించినవారు పలువురు కలరుగాని, కురియుచున్న మంచునే చిత్రమునకు వస్తువుగా గ్రహించుట సాహసముగనే యుండెను. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ జిలాటిను పూతగల పొడి గాజుపలకలను ప్రతిపాదించువరకు, చిత్రకారుడు పలకపై ద్రావకము పూసి, ఆ తడి యారకముందే చిత్రము తీసి, వెంటనే చీకటిగదిలో దానిని తేల్చుకొనవలసియుండెడిది. అట్టి పరికరములతో తుపానులో నిలుచుట యూహింపరాని మాట. పొడిపలకలు వచ్చిన తరువాత ముక్కాలిపీట యక్కరలేని చేతికెమెరా పుట్టెను. కాని గంభీరులైన ఛాయాచిత్రకారులు దానిని వినోదవస్తువుగా నెంచి చిన్నచూపు చూచిరి. స్టీగ్లిట్జునకు మాత్రము ఆ ఉపకరణముయొక్క శక్తి తెలియవచ్చెను. ఆతడు యంత్రశాస్త్రము నభ్యసింప 1882లో బెర్లిను నగరమున చేరి, హెర్మన్ విల్‌హెల్మ్ వోగెల్ అను ఆచార్యునియొద్ద ఛాయాచిత్రరసాయనమును నేర్చినవాడు. రంగుద్రవ్యములను కలుపుటచే ఫలకములను ఆకుపచ్చ, పసుపుపచ్చ కాంతులకు సైతము స్పందింపజేయవచ్చునని 1873లో కనుగొన్న మహనీయుడే యీ వోగెల్. విద్యార్థిదశయందే స్టీగ్లిట్జ్ చీకటి నేలమాళిగలోని డైనమో నొకదానిని 24 గంటల కాలము ఫలకమును తెరచియుంచి చిత్రించెనని చెప్పుదురు. కాంతి యెంత కొంచెమైనను, ఓపికయున్నచో అది చాలునని యెరిగిన మనుష్యునకు తుపానునాటి మసకవెలుగు అడ్డంకి కాజాలదు గదా!

ఆ గాజుపలకను తేల్చి మిత్రులకు చూపగా వారు దానిని పారవేయుమని సలహా చెప్పిరట. మసకగా నున్నది, వాడిగా లేదు అని వారి యాక్షేపణ. ఆ వాడియే, అనగా ప్రతి గీతయు విడివిడిగా తోచునట్టి స్ఫుటత్వమే, ఆనాటి చిత్రమునకు పరమగుణము. కాని, మంచు కురియునప్పుడు లోకము నిజముగా నెట్లుండునో ఒక్కసారి పరిశీలింపుడు. సాధారణదినములలో కంటికిని వస్తువునకును నడుమనుండు గాలి మనకు కనబడదు. మంచు కురియునప్పుడు ఆ గాలికి దేహము వచ్చును. దగ్గరనున్న గుర్రము నల్లగా, దాని వెనుకనున్న బండి బూడిదరంగుగా, ఆ వెనుక నిలిచిన మేడలు కేవలము ఛాయలుగా, అంతకు దూరమున సమస్తమును శూన్యముగా మారును. దూరమే చిత్రమునకు వస్తువగును. మిత్రులు దోషమని యెంచినది ఆ దినముయొక్క యథార్థస్వరూపము. దానిని వాడిగా చూపియుండినచో అది అసత్యమై యుండెడిది.

నెగటివును ఆతడు యథాతథముగా ముద్రింపలేదు. చుట్టునున్న వీథిని చాలభాగము కత్తిరించివేసి, బండియు, దాని మార్గమును, మంచును మాత్రమే నిలిపెను. కాలక్రమమున వేర్వేరు ప్రమాణములతో మరల మరల ముద్రించుచు వచ్చెను. బెర్లినునుండి 1890లో మరలివచ్చిన పిమ్మట కొన్నియేండ్లు ముద్రణవ్యాపారమున నుండుటచే రాగిరేకుపై చిత్రమును తొలిచి సిరాతో నచ్చొత్తు ఫొటోగ్రావ్యూరు పద్ధతి యాతనికి కరతలామలకము. నలుపునకును తెలుపునకును నడుమ నుండు ధూసరచ్ఛాయలన్నింటిని నిలుపుకొనగల యా పద్ధతి మంచుకొరకే పుట్టినదా యనిపించును. ఆతడు 1903 నుండి 1917 వరకు నడిపిన ‘కెమెరా వర్క్’ పత్రికలో 1905లో ఈ చిత్రము వెలువడెను. నేడు ఆతని కృతులలో ముఖ్యమైన సంపుటి, 1,600కు పైబడిన చిత్రములతో, ఆతని భార్యయు ప్రసిద్ధ చిత్రకారిణియునైన జార్జియా ఓకీఫ్ దానముచే వాషింగ్టను నగరములోని జాతీయ చిత్రశాలకు చేరినది. స్టీగ్లిట్జ్ జన్మించినది న్యూజెర్సీలోని హోబోకెనులో. ఎడిసన్ మొదలగు న్యూజెర్సీ పట్టణములలో నేడు వేలకొలది తెలుగు కుటుంబములు కాపురమున్నవి. చలికాలపు సెలవులలో నొకనాడు వారు తమ బిడ్డలను వెంటబెట్టుకొని యిట్టి చిత్రశాలలకు పోయి, ముందుగా ననుమతి గోరి, అచ్చుపుస్తకమునందుగాక అసలు ప్రతియందే యీ చిత్రమును చూచినచో ఎంత బాగుండును!

అయినను, మనస్సులోని మాట చెప్పవలెనన్నచో, 1893లోనే స్టీగ్లిట్జ్ తీసిన ‘టెర్మినల్’ అను చిత్రమే నాకు మిన్నగా తోచును. న్యూయార్కు దక్షిణభాగమున, పాత తపాలా కార్యాలయమున కెదుట, ఆస్టర్ హౌస్ అను హోటలునొద్ద, హార్లెమునుండి పట్టాలమీదుగా గుర్రములు లాగుకొనివచ్చు ట్రాముబండ్లు మరల వెనుకకు తిరుగు స్థలమది. ఆ చిత్రమున మంచు కురియుట లేదు. నేలపై నలిగి, బురదతో కలిసి పడియున్నది. రబ్బరుకోటు తొడిగిన తోలువాడు వీపు మనవైపు త్రిప్పి గుర్రముల నుపచరించుచున్నాడు. సుదీర్ఘమైన దారిని బండి నీడ్చి వచ్చిన ఆ జంతువుల దేహములనుండి ఆవిరి దట్టముగా లేచుచున్నది. యూరోపునుండి వచ్చి స్వదేశమున ఏకాకియై తిరుగుచుండిన దినములవి యనియు, ఆ గుర్రములకు నీరుపెట్టు మనుష్యుడొకడైన నున్నాడు గదా, అవి యెంత యదృష్టవంతములో యని తనకు తోచెననియు స్టీగ్లిట్జ్ తరువాతి కాలమున జ్ఞాపకము చేసికొనెను. మొదటి చిత్రమున మన దృష్టి వాతావరణముపై నిలుచును. రెండవదానియందు శ్రమపై నిలుచును. రైలుస్టేషను ముంగిట జట్కాలు బారులుతీరి నిలుచు దినములను చూచిన తెలుగు పాఠకున కిది పరాయి దేశపు చిత్రమనిపింపదు: బొక్కెనతో నీరుపట్టి, గుర్రము త్రాగుచుండగా దాని మెడను నిమురు జట్కావాడే యిక్కడ రబ్బరుకోటు తొడిగికొనియున్నాడు. మంచులోని గుర్రపుబండి యనగానే మనోహరమైన శుభాకాంక్షల కార్డును తలచుకొనువారు ఈ ఆవిరిని తప్పక చూడవలెను. చలికాలమున దట్టముగా పెరిగిన రోమముల క్రింద చెమట పట్టినగాని అది పుట్టదు.

ఆ కాలమున న్యూయార్కులో లక్షకు పైగా గుర్రములు పనిచేయుచుండెడివి. మంచు పేరుకొనినప్పుడు ట్రాముబండికి అదనపు గుర్రములను పూన్చుట పరిపాటి. నున్నని మంచుగడ్డపై జారకుండుటకై వాని లాడములకు వాడిమొనలు బిగించుచుండిరి. తడిమంచు గిట్టక్రింద ఉండలుగట్టి నడకను చెరచుచుండెను. ఈ లోకము చాల వేగముగా నంతరించెను. ఫిఫ్త్ ఎవెన్యూపై 1907లో మోటారుబస్సులు గుర్రపుబండ్ల స్థానము నాక్రమించెను. నగరములోని కడపటి గుర్రపుట్రాము బ్లీకరు వీథి మార్గమున 1917 జులైలో నిలిచిపోయెను. స్టీగ్లిట్జ్ మీట నొక్కునాటికి తన కన్నులయెదుట నున్నది పాతబడనున్న లోకమని యాతడు తలచెనో లేదో గాని, నేడు మనకు ఆ చిత్రములు చరిత్రగ్రంథములతో సమానములు.

ఇప్పుడు కురియుచున్న మంచులో గుర్రపుబండిని చిత్రించు విద్యను సాధింపగోరువారికి కొన్ని మాటలు చెప్పవలసియున్నది. కెమెరాలో వెలుగును కొలుచు మీటరు తాను చూచిన ప్రతిదానిని మధ్యరకపు ధూసరవర్ణమని భ్రమించును. కనుక దానిమాట నమ్మినచో మంచు బురదరంగునకు దిగిపోవును. ఒకటి మొదలు రెండు స్టాపుల వెలుగును అధికముగా నిచ్చిననే తెలుపు తెలుపుగా నిలుచును. ఇక మంచురేకుల సంగతి. మంచురేకు సెకనుకు సుమారొక మీటరు, కొండొకచో కొంచె మధికముగా దిగుచుండును. షట్టరు సెకనులో 60వ వంతున్నచో అది రెండు సెంటీమీటర్ల తెల్లని గీతగా మారును. 500వ వంతున్నచో రెండు మిల్లీమీటర్లు మాత్రమే కదలి, చుక్కగా నిలుచును. ఏది మేలనుట చిత్రకారుని యభిరుచికి సంబంధించినది. గాలివిసురును తెలుపగోరునప్పుడు గీతయే నాకు ప్రియము. అన్నింటికంటె ముఖ్యమైనది నేపథ్యము. ఆకాశముపై రేకు బూడిదవర్ణముగా తోచును. నల్లని గుర్రముపైనను, తడిసిన ఇటుకగోడపైనను, చెట్లగుంపుపైనను అదే రేకు ధవళముగా మెరయును. కావున మంచును చిత్రింపదలచినవాడు మొదట నలుపును వెదకుకొనవలెను. బండికి వెలుగు వెనుకనుండి గాని ప్రక్కనుండి గాని వచ్చునట్లు నిలుచుట మంచిది. తనంతట దృష్టి నిలుపుకొను లెన్సు దగ్గరి రేకులను పట్టుకొని మోసపోవును. గుర్రము రాబోవు చోటును ముందుగా నిర్ణయించుకొని, అచ్చట దృష్టిని స్థిరపరచి, అది వచ్చువరకు వేచియుండుటయే స్టీగ్లిట్జ్ మార్గము. చలిలో బ్యాటరీ త్వరగా నీరసించును. అదనపుదానిని అంగీలోపల వెచ్చగా నుంచుకొనవలెను. వెచ్చని గదిలోనికి వచ్చునప్పుడు కెమెరాను బయటనే సంచిలో మూసి తెచ్చినచో దానిలోపల తేమ పేరుకొనదు.

గుర్రపుబండ్లు నేటికిని సెంట్రల్ పార్కునొద్ద విహారార్థము తిరుగుచున్నవి. వానిని నిషేధింపవలెనా యను వాదప్రతివాదములు ఆ నగరమున చిరకాలముగా సాగుచున్నవి. నగరశాసనము ప్రకారము ఉష్ణోగ్రత ఫారన్‌హీటు 18 డిగ్రీలకు, అనగా సున్నకు దాదాపు 8 సెంటీగ్రేడు డిగ్రీల క్రిందికి దిగినను, మంచు, గడ్డకట్టిన నేల, భారీవర్షము మున్నగు ప్రమాదకరస్థితి యేర్పడినను గుర్రములను పనిచేయింపరాదు. త్రోవలో అట్టి స్థితి వచ్చినచో తోలువాడు వెంటనే పని మాని సాలకు మరలవలెను. ఛాయాచిత్రకారునకు దీనివలన దక్కునది హిమపాతపు తొలిఘడియలు మాత్రమే. ఈ నియమము సముచితమైనదని నా యభిప్రాయము. నా చిత్రము నిమిత్తము జంతువొకటి జారిపడు ప్రమాదము నెదుర్కొనవలెననుట ఎంతమాత్రమును సమ్మతింపదగినది కాదు. డబ్బిచ్చి బండిని తుపానులో నిలిపియుంచుమని తోలువానిని ప్రలోభపెట్టుట యంతకంటెను నింద్యము.

అయితే బండి మరలినంత మాత్రమున చిత్రకారుని పని ముగియనక్కరలేదు. మన్‌హాటన్ పశ్చిమభాగపు వీథులలోని గుర్రపుసాలలవరకు ఆ దారినంతయు తోలువాని యనుమతితో వెంట నడువవచ్చును. అచ్చట తోలుపట్టీలు విప్పుట, వీపుపైనున్న మంచును తుడిచివేయుట, కంబళి కప్పుట, నీరుపట్టుట జరుగును. ‘టెర్మినల్’ చూపిన విషయమంతయు అందే యున్నది. లోపల వెలుతురు తక్కువ. ఐఎస్‌ఓను 3200కు పెంచి, షట్టరును 125వ వంతునకు నిలిపి, గోడకు ఆనుకొని నిలుచుకొనుడు. గుర్రము బెదరును గనుక ఫ్లాషు వాడకుడు.