పొదిగేసిన గుడ్లు ఎందుకు మురుగుతాయి?



పన్నెండు గుడ్లు పెడితే మూడే పిల్లలయినాయి, తక్కినవన్నీ మురిగిపోయినాయి అనే మాట వేసవిలో ఏ ఊరు వెళ్ళినా వినబడుతుంది. కోడి సరిగా కూర్చోలేదని కొందరంటారు, ఉరుములకు చెడిపోయినాయని కొందరంటారు. చాలా ఇళ్ళలో అసలు సంగతి అది కాదు. గుడ్డు కోడి కిందికి చేరకముందే పాడయి వుంటుంది.

ఇదేమీ చిన్న నష్టం కాదు. మన నాటుకోడి ఏడాది పొడుగునా పెట్టేదే నాలుగైదు డజన్లు. పొదుగు మీద వున్న 21 రోజులూ, పిల్లలను వెంట తిప్పుకొనే నెలా రెండు నెలలూ అది గుడ్డు పెట్టదు. మూడు పిల్లల కోసం అంత కాలం పోయిందంటే పండుగనాటికి అమ్ముకోవలసిన పుంజులు పోయినట్లే.

గుడ్డులో ఏం జరుగుతున్నదో చూద్దాం. పుంజుతో కలిసిన పెట్ట పెట్టిన గుడ్డులో, పచ్చసొన మీద చిన్న తెల్లని మచ్చ వుంటుంది. అదే రేపటి పిల్ల. తల్లి కడుపులోని వేడికి అది అప్పటికే కొంత పెరిగి వుంటుంది. గుడ్డు బయట పడి చల్లారగానే పెరుగుదల ఆగి, నిద్రపోయినట్లు వుంటుంది. వేడి సుమారు 20, 24 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే మళ్ళీ కదులుతుంది. అయితే పిల్ల సక్రమంగా పెరగటానికి 37½ డిగ్రీలు కావాలి. మే నెలలో మన ఇళ్ళలో పగలు ఎంత వేడి వుంటుందో మీకు చెప్పనక్కరలేదు. ఆ వేడిలో గుడ్డు నిద్రా పోదు, సరిగా పెరగనూ పెరగదు. పగలు కొంత పెరిగి, రాత్రి ఆగి, ఇట్లా నాలుగు రోజులు గడిచేసరికి చచ్చిపోతుంది. మొలకెత్తీ ఎత్తని విత్తనాన్ని మళ్ళీ ఎండలో పోసినట్లన్నమాట. ఆ తరువాత కోడి ఎంత శ్రద్ధగా కూర్చున్నా, చచ్చిన గుడ్డును మురగబెట్టటమే అవుతుంది.

ఉరుములూ ఆ రోజుల్లోనే వస్తాయి కనుక నింద వాటి మీద పడింది. గంపలో ఇనుప ముక్కా, బొగ్గూ, ఎండుమిరపకాయా వేస్తారు. వేసుకోండి, నష్టమేమీ లేదు. దానితోపాటు గుడ్లను చల్లగా దాచటం కూడా నేర్చుకోవాలి.

దాచే పద్ధతి ఇది. ఇంట్లో చల్లని మూల, గాలి ఆడే చోట, తడి ఇసుక పోసి అందులో మట్టికుండను సగం దాకా పాతండి. లోపల పొడి ఊక పోసి, గుడ్లను వెడల్పు కొన పైకి వుండేటట్లు నిలబెట్టండి. కుండ మూతికి పలుచని బట్ట కట్టి, ఇసుకను పొద్దునా సాయంత్రం తడపండి. తడి ఇసుకకే గాని గుడ్డుకు తగలరాదు. పెంకుకు కంటికి కనపడని రంధ్రాలు వేల సంఖ్యలో వుంటాయి; తడితోపాటు సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. అందుకే పొదిగేసే గుడ్డును కడగవద్దు. మట్టి అంటితే పొడిగుడ్డతో తుడవండి, పెంట బాగా అంటినదయితే కూరకు వాడుకోండి. ఫ్రిజ్‌లో పెడితే బాగుంటుంది గదా అని అడుగుతారు. ఆ చలి మరీ ఎక్కువ, పిల్ల బలం తగ్గుతుంది.

గుడ్డు పెట్టిన రోజునే పెంకు మీద పెన్సిలుతో తేదీ వేయండి. వారం దాటిన గుడ్డును పొదగేయవద్దు. వేసవిలో అయితే నాలుగైదు రోజులు చాలు. మొదటి గుడ్డు నుంచి చివరి గుడ్డు దాకా అన్నీ కూడబెట్టి పదిహేను రోజుల తరువాత కోడి కింద పెట్టే అలవాటే కొంప ముంచుతున్నది. పాతవి ఇంట్లో తినండి, కడపటి వారం గుడ్లను పొదగేయండి. మరీ గుండ్రంగా వున్నవి, పెంకు పలుచనివి, బీట వారినవి తీసేయండి. అంగట్లో దొరికే ఫారం గుడ్లకు పుంజు తోడుండదు, వాటినుంచి పిల్ల రాదు.

పెట్ట సంగతి మీకు తెలిసినదే. ఒళ్ళు ఉబ్బించి, క్లక్ క్లక్ మంటూ, చెయ్యి పెడితే పొడిచి, గూడు వదలనిదే పొదుగుకు వచ్చిన కోడి. అసీలు పెట్టలు ఈ పనికి చాలా మంచివి. వనరాజా, గ్రామప్రియ వంటి మెరుగు రకాలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు, వాటిని పెంచేవారు ఒక నాటు పెట్టనయినా వుంచుకోవాలి. కోడి పరిమాణాన్ని బట్టి పది పన్నెండు గుడ్లు పెట్టండి, అన్నీ ఒకే రాత్రి పెట్టండి. రెక్కల కింద పేలు వుంటే అది నిలకడగా కూర్చోదు. ముందుగానే బూడిద, మెత్తని మట్టి కలిపి పొర్లటానికి వీలు కల్పించండి. రోజూ పావుగంటసేపు మేతకూ నీళ్ళకూ లేస్తుంది. లేవనివ్వండి.

ఏడవ రోజు రాత్రి గుడ్లను పరీక్ష చేయాలి. అట్టముక్కకు రూపాయి బిళ్ళకన్న చిన్న రంధ్రం చేసి, వెనక టార్చిగాని సెల్‌ఫోను దీపంగాని పెట్టి, గుడ్డు వెడల్పు కొనను దానికి ఆనించండి. సాలెగూడు వలె ఎర్రని నరాలు, మధ్యలో నల్లని చుక్క కనిపిస్తే పిల్ల బ్రతికి వుంది. ఏమీ లేక తెల్లగా వుంటే పుంజు కలవని గుడ్డు. నరాలు లేక ఎర్రని ఉంగరం మాత్రం వుంటే పిండం చచ్చింది. ఈ రెండు రకాలూ తీసేయండి. చచ్చిన గుడ్డు గంపలో పగిలితే దాని మురుగు తక్కిన గుడ్లకు అంటుతుంది.

18వ రోజు నుంచి గుడ్ల జోలికి పోవద్దు. గాలి పొడిగా వుంటే గంప అడుగున మట్టి మీద గోరువెచ్చని నీళ్ళు చల్లండి. లేకపోతే పెంకులోపలి పొర ఎండి పిల్లను బిగబట్టేస్తుంది. పెంకుకు చిల్లు పడిన తరువాత పిల్ల బయటికి రావటానికి ఒక పూట, ఒక్కొక్కప్పుడు రోజంతా పడుతుంది. జాలిపడి పెంకు వలిచేవారున్నారు. లోపల నెత్తురునాళాలు ఇంకా ఎండి వుండవు, పచ్చసొన పూర్తిగా కడుపులోకి పోయి వుండదు. వలిస్తే పిల్ల నెత్తురు కారి చస్తుంది.

22వ రోజు దాటినా మిగిలిన గుడ్లను దూరంగా తీసుకుపోయి పగలగొట్టి చూడండి, తరువాత పూడ్చేయండి. చాలా గుడ్లలో పిల్ల జాడే లేకపోతే పుంజు తక్కువయిందనుకోవాలి. పది పెట్టలకు ఒక పుంజు వుండాలి. మొదటి వారంలోనే చచ్చినవి ఎక్కువయితే దాచటంలో వేడి తగిలింది. పిల్ల పూర్తిగా తయారై లోపలే చస్తే చివరి రోజుల్లో తేమ చాలలేదేమో చూసుకోవాలి.

పిల్లలు మొదటి రోజు మేత లేకపోయినా వుండగలవు, కడుపులోని పచ్చసొన వాటికి చాలు. తరువాత నూకలు, లోతులేని మూకుట్లో నీళ్ళు పెట్టండి. వారం లోపల కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్క కంట్లో వేయించాలి. ఆ టీకా సీసా విప్పితే నిలవ వుండదు, పైగా వంద పిల్లలకు సరిపడే మందు వస్తుంది. కాబట్టి వీధిలో నాలుగిళ్ళవారు మాట్లాడుకొని ఒకే వారంలో గుడ్లు పొదగేసుకుంటే, పశువైద్యశాలవారికి కబురు పెట్టి అందరి పిల్లలకూ ఒకేరోజు వేయించవచ్చు.