అన్నం ఎక్కువైతే గ్యాస్ తక్కువ

ఆడికృత్తిక పండగకు కావళ్లెత్తుకుని తమిళనాడులోని తిరుత్తణి కొండెక్కే జనంలో తెలుగువాళ్లకు కొదవ ఉండదు. 1960 దాకా ఆ ఊరు చిత్తూరు జిల్లాలోదే కదా! అంతమంది తిన్నాక మిగిలే అన్నం, సాంబారు, కూరలను గ్యాస్‌గా మార్చవచ్చా? భేషుగ్గా మార్చవచ్చు. కాకపోతే పండగ రోజునే అది కష్టం.

లెక్క చూస్తే నోరూరుతుంది. కిలో పేడకు దాదాపు 40 లీటర్ల గ్యాస్ వస్తే, కిలో మిగులు తిండికి 100 లీటర్ల దాకా వస్తుంది. పేడంటే ఆవు సారం లాగేసుకున్నాక మిగిలిన మేత. అన్నంలో పిండిపదార్థం అలాగే ఉంటుంది. రోజుకు 100 కిలోల తిండి మిగిలే మెస్సుకు మూడు రోజులకో వంటగ్యాస్ సిలిండరు కలిసొచ్చినట్టే.

చిక్కంతా ట్యాంకులో ఉంది. గాలి చొరబడని ఆ చోట ఒక రకం సూక్ష్మజీవులు పిండిని విరిచి ఆమ్లాలు చేస్తాయి. మరో రకం ఆ ఆమ్లాలతోనే మీథేన్ తయారుచేస్తాయి. మొదటివి గంటల్లో రెట్టింపవుతాయి. రెండోవాటికి రోజులు కావాలి. ఒక్కసారిగా గుండిగల కొద్దీ అన్నం కుమ్మరిస్తే ఆమ్లం పేరుకుంటుంది, పీహెచ్ 6.5 కన్నా దిగజారుతుంది, మీథేన్ పుట్టడం ఆగిపోతుంది. విందు మర్నాడు మనకు పట్టే అజీర్తి లాంటిదే ఇది. ట్యాంకు దగ్గర పుల్లటి కంపు, పొయ్యి మీద అంటుకోని మంట. మందు కూడా లంఖణమే: కొన్ని రోజులు మేత ఆపి, కాస్త సున్నంతో పులుపు విరిచి, పేడనీళ్లు పోయాలి. మీథేన్ చేసే జీవులు ఆవు కడుపులోనూ ఉంటాయి మరి.

ట్యాంకుకు కావలసింది రోజూ ఒకే తీరున అందే మేత. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్లో ఐఐసీటీ అనే పరిశోధన సంస్థ పరిజ్ఞానంతో కట్టిన ప్లాంటు రోజుకు సుమారు 10 టన్నుల చెత్తతో 500 యూనిట్ల కరెంటు తీస్తోందని 2021లో ప్రధాని కూడా చెప్పారు. అక్కడ కుళ్లిన కూరగాయలను తరిగి, గుజ్జు చేసి ట్యాంకులోకి వదులుతారు. మార్కెట్ కనుక మేతకు కరువు లేదు.

తిరుత్తణి గుళ్లో 2021 నుంచి అన్నదానం రోజంతా సాగుతోంది. ట్యాంకుకు పనికొచ్చేది ఆ రోజువారీ మిగులే. తిరుత్తణిలోనైనా మీ ఊళ్లోనైనా కల్యాణ మండపానికో హాస్టలుకో ప్లాంటు పెట్టేవాళ్లు మామూలు రోజు మిగులును తూచి ట్యాంకు కట్టించండి. పండగనాటి అదనాన్ని ఎరువు గుంటకు పంపండి.