గోడకెక్కిన బూడిద

గోదావరి డెల్టాలోని ద్రాక్షారామం, రామచంద్రపురం, మండపేట ప్రాంతం వరికీ బియ్యం మిల్లులకూ పేరు. టన్ను ధాన్యం ఆడిస్తే సుమారు 200 కిలోల ఊక వస్తుంది. ఉప్పుడు బియ్యం మిల్లులు దాన్నే బాయిలర్లలో కాల్చి ఆవిరి పుట్టిస్తాయి. చివరికి 40 కిలోల దాకా బూడిద మిగులుతుంది. గాలికి లేచి చుట్టుపక్కల ఇళ్లమీద పడే ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికాయే.

సున్నం, నీరు తగిలితే ఈ సిలికా మెల్లగా గట్టిపడి రాయిలా బిగుస్తుంది. పూర్వపు మేస్త్రీలు గానుగ సున్నంలో ఇటుకపొడి కలిపింది ఈ గుణం కోసమే. అయితే ఊకను సుమారు 700 డిగ్రీలు మించకుండా కాల్చాలి. వేడి హెచ్చితే సిలికా స్ఫటికాలుగా మారి మందగిస్తుంది. బూడిద నల్లగా ఉంటే అందులో కాలని కర్బనం మిగిలిందన్నమాట. సరిగా కాలిన బూడిదను మెత్తగా నూరి కాంక్రీటులో వాడుకోవడానికి భారత ప్రమాణం ఐఎస్ 456 అవకాశమిచ్చింది.

ఇదే గుణమున్న మరో బూడిద థర్మల్ విద్యుత్ కేంద్రాలది. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, తరచు 30 నుంచి 45 శాతం. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం, విశాఖ దగ్గర పరవాడ సింహాద్రి కేంద్రాల్లో ఇది గుట్టలుగా తయారవుతుంది. విశాఖపట్నానికి చెందిన శాస్త్రవేత్తలు ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ బూడిద, సున్నం, జిప్సం కలిపి 'ఫాల్-జి' ఇటుకల విధానాన్ని రూపొందించారు. దీనికి కావలసిన సున్నం ఎసిటిలీన్ కర్మాగారాల మడ్డి నుంచి, జిప్సం రసాయన పరిశ్రమల వ్యర్థాల నుంచి తీసుకోవచ్చు. ఇసుకో క్రషర్ పొడో చేర్చి, తడిపి, అచ్చుల్లో నొక్కి ఆరబెడతారు. ఆపై కొన్ని వారాలు నీళ్లు చల్లుతూ ఉంటే ఇటుక బలం పుంజుకుంటుంది. బట్టీ అక్కర్లేదు, ఊకో బొగ్గో తగలేయక్కర్లేదు. పొలాల పైమట్టీ మిగులుతుంది. ఒండ్రుమట్టిని ఇటుకలకు తవ్వేసే డెల్టాలో ఇది చిన్న లాభం కాదు.

సిమెంటు బస్తాలోనూ ఇలాంటి వ్యర్థాలే ఉన్నాయి. పొజోలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం థర్మల్ బూడిద కలపవచ్చు. ఉక్కు కర్మాగారాల బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి కరిగి వచ్చే స్లాగ్‌ను నీటిధారతో ఒక్కసారిగా చల్లార్చి, నూరి స్లాగ్ సిమెంటులో 25 నుంచి 70 శాతం దాకా వాడతారు. ఉప్పుగాలి తగిలే కోనసీమ తీరంలో ఇలాంటి సిమెంట్లు ఇనుప చువ్వల తుప్పును తగ్గించగలవు. అయితే ఇవి నెమ్మదిగా బలపడతాయి. కాబట్టి స్లాబుకు నీళ్లు పెట్టడంలో అశ్రద్ధ పనికిరాదు.

ఇక ఇటుకల సంగతికొస్తే, బూడిద ఇటుకలన్నీ ఒకే నాణ్యతతో ఉండవు. సున్నం చాలకపోయినా, నీళ్లు సరిగా చల్లకపోయినా అంచులు రాలిపోతాయి. రెండు ఇటుకలు తట్టితే ఖంగుమనాలి, గోరుతో గీస్తే పొడి రాలకూడదు. ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి తూచినప్పుడు పెరిగిన బరువు, పొడి ఇటుక బరువులో అయిదో వంతు మించకూడదు.