పిడికిలి తూకం

లివర్ జబ్బు ముదిరిన మనిషిని తూకం మిషను ఎక్కిస్తే అది చూపించే అంకెను నమ్మడానికి లేదు. ఆర్నెల్ల కిందట 60 కిలోలు, ఇవాళా 60 కిలోలే. ఇంట్లోవాళ్లు ‘హమ్మయ్య, తగ్గలేదు’ అనుకుంటారు. కానీ ఈ ఆర్నెల్లలో పొట్టలోకి నాలుగైదు లీటర్ల నీరు చేరి, అంతే బరువున్న కండా కొవ్వూ కరిగిపోయి ఉంటే మిషను ముల్లు కదలదు. పొట్ట ఉబ్బు, పాదాల వాపు మనిషిని నిండుగా చూపిస్తాయి. కణతల దగ్గర పడ్డ గుంటలు, భుజాల దగ్గర వేలాడుతున్న చొక్కా చూసినవాళ్లకే అసలు సంగతి తెలుస్తుంది.

సిరోసిస్ అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడిపోవడం. మద్యం, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, షుగరూ ఊబకాయాలతో వచ్చే ఫ్యాటీ లివర్, ఇలా ఏ దారిలో వచ్చినా చివరికి చేరేది అక్కడికే. ఆ దశలో కండ తగ్గడాన్ని చిన్న విషయంగా తీసేయకూడదు. కెనడాలోని ఎడ్మంటన్ వైద్యులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో 112 మంది సిరోసిస్ రోగులను పరిశీలిస్తే 40 శాతం మందికి కండ బాగా తరిగి ఉంది. వాళ్లలో సగం మంది 19 నెలలు దాటి బతకలేదు. కండ నిలిచిన వాళ్లలో అదే లెక్క 34 నెలలు.

కాబట్టి కండను కొలిచి తీరాలి. అందుకు గదంత పెద్ద యంత్రాలు ఉన్నాయి. వాటి మాట తర్వాత చెబుతాను. ముందు చెప్పాల్సింది చేతిలో పట్టుకుని గట్టిగా నొక్కే చిన్న పనిముట్టు గురించి. దాని పేరు డైనమోమీటర్. పిడికిలి బలం ఎన్ని కిలోలో చూపిస్తుంది. లివర్ వైద్యానికి ఇది ఈమధ్యే వచ్చింది గానీ, వయసు మాత్రం రెండు వందల ఏళ్ల పైమాటే.

ఫ్రాన్స్‌లో బర్గండీ ప్రాంతానికి చెందిన గెనో ద మోంబెయార్‌కు మనిషి ఎదుగుదల మీద అంతులేని ఆసక్తి. 1759లో తన కొడుకు పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల పాటు వాడి ఎత్తు కొలిచి రాసిపెట్టాడు. ఒకే బిడ్డను పుట్టుక నుంచి యవ్వనం దాకా కొలిచిన మొదటి దస్తావేజుగా వైద్యులు ఇప్పటికీ దాన్ని చెప్పుకుంటారు. ఎత్తుకు కొలబద్ద ఉంది, బరువుకు త్రాసు ఉంది, మరి బలానికి? ఆయనా, ఆయన మిత్రుడైన ప్రకృతి శాస్త్రవేత్త బుఫాన్ కలిసి ఈ పనిని ఎద్మే రేనియేకి అప్పజెప్పారు. రేనియే తుపాకుల పనివాడు. ఉక్కు స్ప్రింగు ఎంత వంగితే ఎంత బలం పడినట్టో అతని చేతులకు తెలుసు.

అప్పటికే లండన్‌లో బలం కొలిచే యంత్రం ఒకటి ఉండేది. అది పెద్ద చెక్క చట్రం, మోసుకుని తిరిగేది కాదు. రేనియే చేసింది సుమారు అడుగు పొడవున్న, కోడిగుడ్డు ఆకారంలో వంచిన ఉక్కు స్ప్రింగు. రెండు చేతులతో పట్టి నొక్కితే దాని పక్కలు దగ్గరవుతాయి, ఆ కదలిక ఒక మీట ద్వారా ముల్లును తిప్పుతుంది. నొక్కడం ఆపినా ముల్లు వెనక్కి రాదు, చేరిన చోటే నిలబడుతుంది. అదే స్ప్రింగును నిలువుగా లాగితే నడుము బలం తెలుస్తుంది, గుర్రానికి కడితే గుర్రం బలం తెలుస్తుంది. 1798లో రేనియే దాని వివరం అచ్చువేశాడు. పని అప్పజెప్పిన ఇద్దరూ అప్పటికే కన్నుమూశారు.

ఆ యంత్రం మొదటి పెద్ద ప్రయాణం ఓడ మీద సాగింది. 1800లో ఫ్రాన్స్ నుంచి దక్షిణ సముద్రాలకు బయల్దేరిన బోదాన్ యాత్రలో ఫ్రాన్స్వా పెరోన్ అనే యువ శాస్త్రవేత్త దాన్ని వెంట తీసుకెళ్లాడు. టాస్మేనియా, ఆస్ట్రేలియా, తిమోర్ ప్రజల చేత నొక్కించాడు. తన ఓడలోని ఫ్రెంచివాళ్ల చేతా, సిడ్నీ రేవులోని ఇంగ్లీషువాళ్ల చేతా నొక్కించాడు. టాస్మేనియా వాళ్ల సగటు 50.6 కిలోలు, ఇంగ్లీషువాళ్లది 71.4 కిలోలు అని 1807లో అచ్చయిన పుస్తకంలో రాసి, నాగరికత లేనివాళ్లకు బలమూ తక్కువేనని తీర్మానించాడు.

ఆ తీర్మానం తప్పు, అన్యాయం కూడా. ఎక్కడి నుంచో ఓడ దిగిన అపరిచితుడు ఒక ఇనుప వస్తువు చేతికిచ్చి నొక్కమంటే, ప్రాణం పెట్టి నొక్కాల్సిన అవసరం ఆ మనుషులకు ఏముంది? ఎందుకు నొక్కుతున్నారో తెలిసిన నావికుల అంకెతో తెలియని వాళ్ల అంకెను పోల్చడమే మొదటి పొరపాటు. అయితే పిడికిలి కొలతలో ఎప్పటికీ గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటి ఇందులోంచే బయటపడుతుంది. ఆ అంకెలో కండ ఒక్కటే ఉండదు. మనసు పెట్టడం, విషయం అర్థం కావడం, చెయ్యి సైజు, కూర్చున్న తీరు అన్నీ అందులో కలిసి ఉంటాయి. వాటిని ఒక పద్ధతిలో కట్టకపోతే అంకె దేనికీ పనికిరాదు.

1884లో లండన్‌లో జరిగిన ఆరోగ్య ప్రదర్శనలో ఫ్రాన్సిస్ గాల్టన్ మూడు పెన్నీల టికెట్టు పెట్టి 9 వేల మందికి పైగా జనాన్ని కొలిచాడు. ఆ కొలతల్లో పిడికిలి బలమూ ఉంది. కానీ ఈ పనిముట్టుకు సరైన క్రమశిక్షణ నేర్పింది 20వ శతాబ్దపు చేతి వైద్యులు. 1954లో అమెరికా ఎముకల వైద్యుడు చార్లెస్ బెక్టాల్ కొత్త డైనమోమీటర్ గురించి రాశాడు. పిడిని ఐదు వేర్వేరు దూరాల్లో అమర్చుకోవచ్చు, కాబట్టి చిన్న చెయ్యికీ పెద్ద చెయ్యికీ సరిపోతుంది. స్ప్రింగు బదులు లోపల మూసిన గొట్టంలో నూనె ఉంటుంది. పిడిని నొక్కితే నూనె మీద పడిన ఒత్తిడి ముల్లును తిప్పుతుంది. జామార్ పేరుతో మార్కెట్లోకి వచ్చిన ఆ రకమే ఈనాటికీ తక్కిన వాటన్నిటికీ కొలమానం. 1981లో అమెరికా చేతి చికిత్సకుల సంఘం కూర్చునే పద్ధతీ ఖాయం చేసింది: కుర్చీలో కూర్చుని, భుజం ఒంటికి ఆనించి, మోచేతిని సరిగ్గా 90 డిగ్రీలకు వంచి నొక్కాలి. ఒకసారితో సరిపెట్టరు, మూడుసార్లు నొక్కించి సగటు తీస్తారు.

ఇక లివర్ దగ్గరికి వద్దాం. 2005లో బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే వైద్యులు ఓపీకి వచ్చే 50 మంది సిరోసిస్ రోగులను తీసుకున్నారు. మామూలుగా వాడే పోషణ పరీక్షలు రెండు చేశారు, పిడికిలి బలమూ కొలిచారు. ప్రశ్నలు, పైపై పరీక్షలతో చేసే పద్ధతికి 28 శాతం మందిలోనే పోషణ లోపం కనిపించింది. రక్తపరీక్షల మీద ఆధారపడే సూచీకి 19 శాతం లోపే. పిడికిలికి మాత్రం 63 శాతం. తర్వాతి ఏడాదిలో ఏం జరిగిందన్నది ఇంకా ముఖ్యం. పిడికిలి బలహీనంగా ఉన్నవాళ్లలో 65 శాతం మందికి అదుపులేని పొట్ట నీరు, మతి తడబాటు, నీటిలో ఇన్‌ఫెక్షన్, కిడ్నీ దెబ్బతినడం లాంటివి వచ్చాయి. బలం ఉన్నవాళ్లలో 12 శాతం మందికే వచ్చాయి. ముందుగా హెచ్చరించగలిగింది ఆ మూడింటిలో పిడికిలి ఒక్కటే.

చెయ్యి నొక్కితే లివర్ సంగతి ఎలా తెలుస్తుందని అడగవచ్చు. ఆరోగ్యవంతుడి లివర్ రాత్రికి సరిపడా పిండి పదార్థాన్ని గాదెలో ధాన్యంలా దాచుకుంటుంది. సిరోసిస్‌లో ఆ గాదె దాదాపు ఖాళీ. రాత్రి తిని పడుకున్న మనిషి తెల్లారేసరికి, రెండు మూడు రోజులు పస్తున్న ఆరోగ్యవంతుడి స్థితికి చేరతాడు. అప్పుడు ఒళ్లు కండను కరిగించి చక్కెర తయారు చేసుకుంటుంది. దీనికి అమ్మోనియా తోడవుతుంది. దాన్ని యూరియాగా మార్చి బయటికి పంపాల్సిన లివర్ చేతకాక కూర్చుంటే, ఆ బరువు కండ మీద పడుతుంది. కండ కొంత అమ్మోనియాను తనలోకి తీసుకుని మనిషిని కాపాడుతుంది, కానీ తనే దెబ్బతింటుంది. ఈ అమ్మోనియా కండ పెరగకుండా అడ్డుపడే మయోస్టాటిన్ అనే ప్రోటీన్‌ను పెంచుతుందని క్లీవ్‌లాండ్‌లో శ్రీనివాసన్ దశరథి బృందం 2013లో చూపించింది. కండ సైజు తగ్గకముందే దాని శక్తి తగ్గుతుందనీ అదే బృందం తర్వాత గమనించింది. కండ తగ్గితే అమ్మోనియాను పట్టే చోటు తగ్గుతుంది, మతి తడబాటు పెరుగుతుంది, తిండి ఇంకా తగ్గుతుంది.

కండ పరిమాణాన్ని నేరుగా చూపించేది సీటీ స్కాన్. నడుము దగ్గరి మూడో వెన్నుపూస ఎత్తులో తీసిన ఒకే ఒక్క అడ్డకోత చిత్రంలో కండ ఎన్ని చదరపు సెంటీమీటర్లుందో కంప్యూటర్ లెక్కకడుతుంది. సీటీని కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ పేరు మీదున్న కొలతలో మైనస్ 29 నుంచి 150 దాకా ఉన్న చుక్కలన్నీ కండ కిందికి వస్తాయి. ఆ వైశాల్యాన్ని ఎత్తు వర్గంతో భాగిస్తారు. ఉత్తర అమెరికాలో 2017లో లివర్ మార్పిడికి ఎదురుచూసేవాళ్ల కోసం వేసిన గీత మగవాళ్లకు 50, ఆడవాళ్లకు 39. జపాన్ లివర్ వైద్యుల సంఘం తమవాళ్ల కోసం 42, 38 అని వేసుకుంది. మన దేశపు మనుషుల ఒడ్డూ పొడుగూ వేరు కాబట్టి అమెరికా గీతను ఇక్కడ కళ్లు మూసుకుని వాడకూడదు. పొట్ట నీరు సీటీని మోసగించలేదు, అది దాని గొప్ప. కానీ రేడియేషన్ ఉంది, ఖర్చు ఉంది, నెలనెలా తీయించలేం. పైగా మెల్‌బోర్న్ వైద్యులు మార్పిడికి ఎదురుచూసే మగవాళ్లలో పోల్చి చూస్తే, ఎవరికి ప్రమాదమో చెప్పడంలో స్కాన్‌లో కనిపించే కండ పరిమాణం కన్నా పిడికిలి బలమే ఎక్కువ అక్కరకొచ్చింది.

2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జెనిఫర్ లాయ్ బృందం పిడికిలికి మరో రెండు పరీక్షలు జోడించింది: కుర్చీలోంచి ఐదుసార్లు లేవడం, పాదాలను మూడు రకాలుగా పెట్టి పదేసి సెకన్లు తూలకుండా నిలబడటం. మూడూ కలిపి కొద్ది నిమిషాల పని. వాటి నుంచి వచ్చే సూచీని ఇప్పుడు చాలా మార్పిడి కేంద్రాలు వాడుతున్నాయి.

మన ఇళ్లలో లివర్ జబ్బు అనగానే మొదలయ్యేది పత్యం. నూనె వద్దు, పప్పు వద్దు, గుడ్డు వద్దు, మాంసం పేరెత్తొద్దు, మజ్జిగన్నమో గంజో చాలు. ప్రేమతోనే పెడతారు, కాదనను. కానీ సిరోసిస్ మనిషికి ఇది నెమ్మదిగా కండ తినేసే తిండి. ప్రోటీన్ తింటే మతి తడబడుతుందనే భయం ఒకప్పుడు వైద్యుల్లోనూ ఉండేది. 2004లో బార్సిలోనా వైద్యులు మతి తడబాటుతో చేరిన రోగులకు మామూలు మోతాదులో ప్రోటీన్ ఇచ్చి చూస్తే ఏ ఇబ్బందీ పెరగలేదు. ఐరోపా లివర్ వైద్యుల మార్గదర్శకాల ప్రకారం కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఆ లెక్క నీరు తీసేసిన బరువు మీద వేయాలి. పడుకోబోయే ముందు ఏదో ఒకటి తినడం ఇంకా ముఖ్యం. న్యూజిలాండ్‌లో రాత్రిపూట పోషక పానీయం తాగినవాళ్లు ఏడాదిలో సుమారు 2 కిలోల కండ కూడబెట్టుకున్నారు. అదే పానీయం పగలు తాగినవాళ్లకు ఆ లాభం రాలేదు. ఉప్పు తగ్గించాలి, మద్యం పూర్తిగా మానాలి. ఆ రెండు పత్యాలే చేయాల్సినవి.

డైనమోమీటర్‌కూ హద్దులున్నాయి. మతి తడబడుతున్న రోగి సరిగా నొక్కలేడు. కీళ్లవాతం ఉన్న చెయ్యి నొప్పికి వదిలేస్తుంది. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోల కన్నా తగ్గితే బలహీనత అంది. ఆ గీత కన్నా అదే మనిషి పోయినసారి ఎంత నొక్కాడు, ఇప్పుడెంత నొక్కాడు అన్న తేడాయే నా దృష్టిలో విలువైనది. మూడు నెలల్లో 26 కిలోల నుంచి 21కి పడిపోతే, బరువు ఒక్క గ్రాము తగ్గకపోయినా డాక్టరు తిండి గురించి, వ్యాయామం గురించి ఆ రోజే మాట్లాడాలి. ఎలక్ట్రానిక్ డైనమోమీటర్ కొన్ని వేల రూపాయలకే దొరుకుతుంది, బీపీ మిషను పక్కన పట్టేంత చోటు చాలు. సిరోసిస్ రోగులను చూసే ప్రతి ఓపీలో అది ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

అది లేని చోట కుర్చీ ఉంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఆసరా లేకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. పడిపోకుండా పక్కన ఒకరు నిలబడాలి. 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే బలం తగ్గినట్టేనని అదే ఆసియా బృందం గీత గీసింది. నెలకొకసారి చూసి, తేదీతో సహా మందుల చీటీ వెనక రాసుకుని, తర్వాతిసారి డాక్టరుకు చూపించండి.