పుట్టింటి రొట్టె – పొటీట్సా



సంక్రాంతి వచ్చిందంటే మన ఇళ్ళలో అరిసెలు ఎలాగో, యూరప్‌లోని స్లొవేనియా అనే చిన్న దేశంలో క్రిస్మస్‌కీ, ఈస్టర్‌కీ "పొటీట్సా" అలాగ. ఇవాళ ఆ రొట్టె గురించీ, దాన్ని సముద్రం దాటించి అమెరికాలో నిలబెట్టిన ఆడవాళ్ళ గురించీ నాలుగు మాటలు చెబుతాను. "మనం చేసుకోని రొట్టె కబుర్లు మనకెందుకమ్మా" అనుకోకండి. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మా ఆడపడుచు అమెరికాలో క్లీవ్‌లాండ్ వూళ్ళో వుంటుంది. ఆమె పురిటికి సాయంగా వెళ్ళి నాలుగు నెలలు వున్నాను. పక్కింట్లో ఎనభై దాటిన మామ్మగారు వుండేవారు. క్రిస్మస్‌కి ముందు ఓ రోజు పళ్ళెంలో ఏదో పెట్టి, పైన బట్ట కప్పి తెచ్చిచ్చారు. చూద్దును గదా, రొట్టె ముక్కలు! ప్రతి ముక్కలోనూ సుడిగుండంలా చుట్లు చుట్లుగా, ఓ పొర తెల్లగా, ఓ పొర గోధుమరంగుగా వుంది. ఆ గోధుమరంగుది అక్రోటు పప్పు పూర్ణం. మా అమ్మమ్మ ఓడలో వస్తూ వెంట తెచ్చుకున్న ఆస్తి ఇదేనమ్మా అన్నారావిడ.

పొటీట్సా అనే పేరుకి మూలం "పొవితిత్సా", అంటే చుట్టినది అని. ఇది నిన్నా మొన్నటిది కాదు. 1575లోనే ప్రిమోష్ ట్రూబర్ అనే మతాచార్యుని రాతల్లో ఈ మాట కనిపిస్తుంది. 1689లో వాల్వజోర్ అనే పండితుడు తన దేశాన్ని గురించి రాసిన పెద్ద గ్రంథంలో దీన్ని పండుగ రొట్టెగా వర్ణించాడు. ఈస్టర్‌కి స్లొవేనియాలో ఓ బుట్టలో పొటీట్సా, పంది తొడమాంసం, రంగులు వేసిన గుడ్లు సర్ది, చర్చికి తీసుకువెళ్ళి దీవెన చేయించుకు వస్తారు. గుండ్రంగా కంకణంలా వుండే ఆ రొట్టెను ఏసుక్రీస్తు ముళ్ళకిరీటానికి గుర్తుగా భావిస్తారు.

ఇక చేసే విధానం. సుమారు అరకిలో మైదాకి అరకిలో అక్రోటు పప్పు. పూర్ణం పిండితో సమానమన్నమాట! మన బొబ్బట్టు లెక్కే. గోరువెచ్చని పాలలో ఈస్టు కలిపి పొంగనిస్తారు. దాన్ని వెన్న, పంచదార, గుడ్డు పచ్చసొనలతో పాటు మైదాలో పోసి, పిండి చేతికి అంటుకోకుండా సాగేదాకా మర్దిస్తారు. వెచ్చని చోట మూతపెట్టి రెట్టింపు అయ్యేదాకా వుంచుతారు. ఈ లోపల అక్రోటు పప్పు మెత్తగా దంచి, వేడి పాలు పోసి, తేనె, దాల్చినచెక్క పొడి, గుడ్డు కలుపుతారు.

ఇక్కడే కిటుకు వుంది. పూర్ణం చల్లారకుండా పిండి మీద పరిచారో, పిండిలోని వెన్న కరిగిపోతుంది, ఈస్టు చచ్చిపోతుంది, రొట్టె పొంగదు. పూర్ణం మరీ గట్టిగా వున్నా పొరకి అంటుకోదు. పిండిని వెడల్పుగా పలచగా వత్తి, పూర్ణం అంచులదాకా సమంగా రాసి, చాప చుట్టినట్టు బిగుతుగా చుట్టాలి. వదులుగా చుడితే గాలి చేరి, కోసినప్పుడు పొరల మధ్య బొరియలు కనిపిస్తాయి. అందుకే అచ్చులో పెట్టాక సన్నని పుల్లతో అక్కడక్కడా పొడుస్తారు; లోపలి గాలీ, ఆవిరీ బయటికి పోతాయి. వాళ్ళ అచ్చు మధ్యలో బొడిపె వున్న మట్టి మూకుడు లాంటిది. పేరు పొటిచ్నిక్. ఓ గంటసేపు కాల్చి, పావుగంట ఆరనిచ్చి, పళ్ళెంలోకి బోర్లిస్తారు.

2021లో యూరోపియన్ యూనియన్ ఈ వంటకాన్ని సంప్రదాయ విశిష్ట వంటకాల జాబితాలో చేర్చింది. "స్లొవేనియా పొటీట్సా" అనే పేరు పెట్టాలంటే పూర్ణం ఏమేం వుండాలో కూడా రాసిపెట్టారు. అక్రోటు, అక్రోటూ కిస్‌మిస్సూ, ఒట్టి కిస్‌మిస్, టారగన్ అనే సువాసన ఆకు, ఆ ఆకుతో కలిపిన పాలవిరుగుడు, ఈ అయిదే.

అమెరికా కబురుకి వద్దాం. సుమారు 1880 నుంచి 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చేదాకా వేలాది మంది స్లొవేనియన్లు పొట్ట చేతపట్టుకుని అక్కడికి వెళ్ళారు. అప్పట్లో వాళ్ళ గడ్డ ఆస్ట్రియా-హంగరీ ఏలుబడిలో వుండేది. మగవాళ్ళు క్లీవ్‌లాండ్ ఫ్యాక్టరీల్లోకీ, మిన్నెసోటా ఇనుప గనుల్లోకీ, ప్యూబ్లో ఉక్కు కార్ఖానాలోకీ పోయారు. ఆడవాళ్ళో? ఇంట్లో పెళ్ళికాని కూలీలను అద్దెకి పెట్టుకుని, వాళ్ళందరికీ వండి వార్చి, బట్టలుతికి నాలుగు డబ్బులు వెనకేశారు. అంత చాకిరీలోనూ పండుగకి పొటీట్సా మానలేదు. మట్టి అచ్చు దొరక్కపోతే మామూలు రొట్టె డబ్బాల్లో పెట్టి కాల్చారు. భోజనాల బల్లమీద దుప్పటి పరిచి, నలుగురాడవాళ్ళు నాలుగు వైపులా నిలబడి, కిందున్న బట్ట కనిపించేటంత పలచగా పిండిని సాగదీసేవారు. ఒక్కరి చేతనయ్యే పని కాదు కనుక ఇరుగూ పొరుగూ చేరేవారు. అలా అది ఒంటరితనానికి మందు కూడా అయింది. మిన్నెసోటా గని వూళ్ళలో ఇప్పటికీ పెళ్ళికీ, చావు ఇంటి భోజనానికీ కూడా పొటీట్సా వుంటుంది. 1926లో ఏర్పడిన అమెరికా స్లొవేనియన్ మహిళా సంఘం వంటల పుస్తకం కూడా అచ్చువేసింది.

మా పక్కింటి మామ్మగారికి వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకరపోయాయి. పిండి సాగదీయలేరు. కాలేజీలో చదివే మనవరాలు నేర్పమంటే, "ఎంత పిండి?" అన్నదానికి "పడుతున్నంత", "ఎంతసేపు?" అన్నదానికి "అయ్యేదాకా" అని జవాబు. ఆ పిల్ల విసుక్కోలేదండీ! మామ్మగారు గుప్పెడు తీసినప్పుడల్లా చేతికింద తూకం గిన్నె పెట్టి, అంకె రాసుకుని, తర్వాతే పిండిలో పోయనిచ్చింది. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని పిండిమీద పెట్టి, "ఇంత మెత్తనా?" అని అడిగి తెలుసుకుంది.

అది చూసి నాకు కళ్ళు చెమర్చాయి. మా అమ్మ అరిసెలు వూరంతటికీ తెలుసు. పాకం ఎప్పుడు దించాలమ్మా అంటే "చేతికి తెలుస్తుందిలే" అనేది. తర్వాత నేర్చుకోవచ్చులే అనుకున్నాను. ఆ తర్వాత లేకుండానే అమ్మ వెళ్ళిపోయింది. మూడు సంక్రాంతులు నా అరిసెలు నూనెలో విడిపోయాయి. ఇప్పుడు విడిపోవడం లేదు గానీ, అవి అమ్మ అరిసెలు మాత్రం కావు.

అందుచేత చెబుతున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ పండుగకే తూకం గిన్నె పట్టుకుని పక్కన నిలబడండి. కొలత కాగితంమీద రాసుకోండి, పదును మాత్రం చేత్తో తాకి చూడండి. ఒకటుంటే చాలదు, రెండూ కావాలి. ఆడపిల్లలనే కాదు, మగపిల్లల్నీ పిలవండి.